తలుపు పక్క కొడవలి గుర్తు

పొద్దుటి నుంచి గోళ్ల సందుల్లో పాత సున్నం వాసన. రెండుసార్లు కడుక్కున్నా పోలేదు. మార్కాపురంలో మా పాత చర్చిని రేపు కూలుస్తారు. నేను కాలుగాలిన పిల్లిలా దాని తలుపు దగ్గరే తిరుగుతున్నాను.

మూరెడు మందం రాతి గోడలు, విల్లులా వంగిన కిటికీలు, టేకు దూలాల మీద పలకరాళ్ల కప్పు, నడివేసవిలోనూ పాదాలకు చల్లగా తగిలే బండలు, వాన పడితే పైనుంచి దిగే గబ్బిలాల కంపు, క్రిస్మస్ ముందు ఆవరణలో వండే అరిసెల పాకం వాసన, ఇవన్నీ కలిస్తే నా చిన్నతనం. ఆ గోడలకు గని నుంచి రాళ్లు మోసిన కూలి ఆడవాళ్లలో మా అవ్వ, అంటే నాయన తల్లి, ఒకతె. అప్పటికి ఆమెకింకా పెళ్లి కాలేదట. అక్షరాలు రాని ఆ మోసినవాళ్లు తలా ఒక నల్లరాతి మీద తమ గుర్తు గీసుకుంటే, వాటిని తలుపు పక్కన పేర్చి కట్టారు. అవ్వ గుర్తు కొడవలి. ప్రతి ఆదివారం దాన్ని తడిమి గాని లోపలికి వచ్చేది కాదు.

పండుగ ముందు గోడలకు సున్నం కొట్టే పని ఇంటికింతని పంచుకునేవారు. తలుపు పక్క వంతు మాది. గుర్తుల రాళ్లు మాత్రం వదిలేయాలి. నా తొమ్మిదో ఏట, అమ్మ నీళ్లకు వెళ్లిన కాస్త సేపట్లో, మెప్పు కోసం కుంచె పట్టి వాటన్నిటినీ తెల్లగా పూసేశాను. గోడ ఇప్పుడే కళగా ఉందన్నారు సంఘ పెద్దలు. పండుగయ్యాక గీకిద్దామన్నారు గాని ఎవరూ గీకలేదు, ఏటేటా పూత మీద పూత పడింది. సిగ్గుతో ఏడుస్తుంటే అవ్వే నన్ను దగ్గరికి తీసుకుంది.

"ఏడవబాక పాపా. యాడుండాదో నా చేతికి తెలుసులే."

పోయేదాకా ఆ తెల్లగోడనే తడిమి లోపలికి వచ్చింది.

ఈ రాళ్లన్నీ కొత్త చర్చి పునాదిలోకి పోతాయి. బతిమాలితే పాస్టరు అయ్యగారు నన్ను ఒక్క రాయి తీసుకోమన్నారు. అందుకే కత్తితో గీకుతున్నాను. సున్నం పెచ్చులుగా రాలి, నల్లరాతి మీద కొడవలి తెల్లగా బయటపడింది. ప్రాణం లేచి వచ్చింది. పక్క రాయి గీకితే అక్కడా కొడవలే. కింద ఇంకోటి. అందరూ కోతకు పోయినవాళ్లే, ఇంకేం గీస్తారు?

గడ్డపార పట్టుకున్న మేస్త్రీ మూడోసారి వచ్చాడు.

"ఏది తియ్యాల్నో చెప్పక్కా, పొద్దు పోతాంది."

కళ్లు మూసుకుని మూడింటినీ తడిమాను. నా చేతికి తెలియలేదు.