ప్లేటుకి మూడు రూపాయలు

తాడేపల్లిగూడెంలో బడి వదిలాక బస్టాండు దాకా నడిచి వస్తుంటే, కాగిన నూనెలో ఉల్లిపాయ పకోడీ పడ్డ సుయ్‌మనే చప్పుడుకి నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. నేను లెక్కల టీచర్ని. పకోడీ వాసనకి అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం సలోమి టీచరుగారు గుర్తొస్తారు. భీమడోలులో మాకు పదో తరగతి లెక్కలు చెప్పింది ఆవిడే. మనిషి సన్నం, గొంతు మెత్తన, ఎర్ర పెన్ను మాత్రం మహా కఠినం.

అప్పట్లో మా అమ్మ స్టేషను రోడ్డులో సాయంత్రాలు పకోడీ బండి పెట్టేది. నాన్న కొల్లేరు వైపు చేపల చెరువులకి కాపలా వెళ్ళేవారు. ఆ జీతం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పదో తరగతి అవగానే నన్ను చదువు మాన్పించి, పొద్దున్న పూట ఇడ్లీ బండి కూడా పెట్టాలని అమ్మ నిశ్చయించింది. ఇంటర్ చదవాలని నాకు ప్రాణం కొట్టుకునేది గానీ, ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యం లేదు. అంతలో టీచరుగారు లాభనష్టాల పాఠం చెప్పి, ఎవరింటి సంగతి వాళ్ళు లెక్కగా రాసుకురమ్మన్నారు. నేను ఇడ్లీ బండి లెక్క రాశాను. అమ్మకం రోజుకి ఎనిమిది వందలు, సరుకులకీ గ్యాసుకీ ఐదు వందలు, లాభం మూడు వందలు. అన్నీ అమ్మ వేసుకున్న అంచనాలే.

"ఇందులో పని చేసేదెవరమ్మా?" అన్నారు టీచరుగారు.

"మా అమ్మా నేనూనండి."

"మరి మీ కూలి ఏదీ?"

"ఇంటి మనుషులమే కదండీ," అన్నాను, ఆ మాత్రం తెలియదా అనుకుంటూ.

"తెలియనిదానికి పేరు పెట్టకపోతే అది సున్నా అయిపోతుందమ్మా. ఒక్కొక్కరి కూలి x అనుకో."

ఆ మూడు వందలూ మా ఇద్దరి కూలే అనుకుంటే, x నూట యాభై వచ్చింది. వరి నాట్లకి వెళ్ళినా అంతకు రెట్టింపు ఇచ్చేవారు. నా చదువు ఇంత చవగ్గా పోతోందా అని ఏడుపొచ్చింది. మాన్పిస్తున్న సంగతి అప్పుడే ఆవిడకి చెప్పేశాను.

ఆ సాయంత్రమే ఆవిడ బండి దగ్గరికి వచ్చి, ఆ కూలి లెక్క అమ్మకి చెప్పారు. అమ్మ అంతా విని, జల్లిగరిటె పక్కన పెట్టింది.

"నిజమేనండి. కానీ ఆ మూడు వందలు లేకపోతే ఇల్లు గడవదండి. అది మీ లెక్కలో ఎక్కడుందండీ?"

అమ్మది తప్పు కాదని టీచరుగారికీ తెలుసు. నా వైపు తిరిగారు. "సాయంత్రం ఎన్ని ప్లేట్లు పోతాయి?"

"వందండి. ప్లేటు పది రూపాయలు."

"ఆ మూడు వందలూ ఈ వంద ప్లేట్ల మీదే రావాలంటే, ప్లేటుకి ఎంత పెంచాలి?"

"మూడు రూపాయలండి."

"కొనేవాళ్ళు తగ్గిపోరాండీ?" అంది అమ్మ.

"కొందరు తగ్గుతారండి, నాగమణిగారూ. కానీ మీ పాప చదువుకి అడ్డం ఈ మూడు రూపాయలేనండి." పదమూడు రూపాయలిచ్చి ఒక ప్లేటు తీసుకుని, అక్కడే నిలబడి తిన్నారు.

మర్నాటి నుంచి అమ్మ ధర పెంచింది. రోజూ వచ్చేవాళ్ళు సణిగారు, కొందరు ఎదుటి బండికి మళ్ళారు. ఆ వారమంతా అమ్మ మొహం చూడాలంటే నాకు భయం. మెల్లగా చాలామంది తిరిగొచ్చారు, అందరూ కాదు. వచ్చినంతే చాలనుకుంది అమ్మ. ఇడ్లీ బండి మాట మళ్ళీ ఎత్తలేదు. సెలవులు అవగానే నేను ఏలూరు రైలెక్కి ఇంటర్‌లో చేరాను.

ఇప్పుడు నేనూ మా బడి పిల్లల్ని ఎవరింటి లెక్క వాళ్ళు రాసుకురమ్మంటాను. మొన్న ఒక పిల్ల తమ బాతుల లెక్క రాసి, మొదటి వరుసలోనే 'బాతులు మేపే మా నాన్నమ్మ కూలి x' అని పెట్టింది. క్లాసంతా నవ్వింది. జవాబు చూస్తే తప్పు. సిగ్గుపడి ఆ వరుస కొట్టేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. నాన్నమ్మని అక్కడే ఉంచి, మిగతాదంతా మళ్ళీ చేయించాను.