పీత పట్టిన కండువా

క్రమశిక్షణ అనే మాటకు ఇప్పటి యువకులు ఏ అర్థం చెప్పుకుంటున్నారో నేను ఎరుగను. నా ఇరవైల నాటికి మాత్రం అది గోడ మీద ఉండవలసిన వస్తువు. పాలిటెక్నిక్ చదువు ముగించి, పలాసలో జీడిపప్పుకు అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో సూపర్వైజరుగా చేరిన తొలి మాసంలోనే, అక్కడి ప్రతి గోడనూ నా దస్తూరీతో నింపివేశాను. ‘వదులు దుస్తులతో యంత్రములను సమీపించరాదు.’ ‘సందర్శకులు పసుపు గీత దాటరాదు.’ ‘యంత్రము నడుచుచుండగా సంభాషణ నిషిద్ధము.’ (చదువు వచ్చినవారు బోర్డులు చూసి నవ్వుకునేవారు; రానివారు నా ముఖం చూసి నవ్వుకునేవారు. ఈ రెండు సంగతులూ నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి.)

మా పెట్టెలకు కావలసిన ముతక గోధుమరంగు కాగితం పెద్ద పెద్ద రీళ్లుగా వచ్చేది. నిలబెడితే ఒక్కొక్కటి నా ఛాతీ ఎత్తు ఉండేది. నలుగురు మనుషులు గునపాలు వేసి దొర్లించవలసిందే. ఆ కష్టం చూడలేక మా యజమాని, పైకప్పు దూలానికి వేలాడుతూ బరువులెత్తే కరెంటు హాయిస్టుతో పాటు రీలును పట్టి ఎత్తే ఇనుప క్లాంపు ఒకటి తెప్పించారు. వంపు తిరిగిన రెండు చేతులు, వాటి చివర రబ్బరు దిమ్మలు. రీలు నడుమును అది పట్టకారులా పట్టుకునేది. అందులోని గొప్పతనమేమంటే, రీలు బరువే దాని పట్టును బిగిస్తుంది. ఎంత బరువు వేలాడితే అంత బిగువు. రీలు నేలను తాకితే తప్ప ఆ చేతులు వదులుకావు. నడుమ కరెంటు పోతే హాయిస్టు ఉన్నచోటనే స్తంభించిపోతుంది, సరుకు కింద పడదు. ఈ సుగుణాలన్నింటినీ నేను కార్మికులను వరుసగా నిలబెట్టి పాఠం చెప్పాను. వారు శ్రద్ధగా విని, దానికి ‘పీత’ అని పేరు పెట్టారు.

సరిగ్గా అదే కాలంలో నాకు టెక్కలి నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయిని చూశాను. నేను సిద్ధం చేసుకుని వెళ్లిన ప్రశ్నకు ఆమె సమాధానం చెప్పకుండా, తిరిగి నన్నే ఒక ప్రశ్న అడిగింది. ఆనాటి నుంచి నా బోర్డుల మీద అక్షరాలు కాస్త వంకరగా రాసాగాయి. ఆమె కాకపోతే మరెవరూ వద్దని నాలో నేను తీర్మానించుకున్నాను. అయితే ఆమె తండ్రి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు. వరుణ్ణి ఇంట్లో కాదు, పని చేసేచోట చూడాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ప్రకారం అప్పటికే ఇద్దరు ముగ్గురు వరులు రాలిపోయారని విన్నాను. ఆయన మా కర్మాగారానికి వస్తున్నట్టు కబురు చేసిన రోజే పీతకు పూజ కూడా కుదిరింది.

మాస్టారు తెల్లని పంచె, జరీ కండువాలతో వచ్చారు. పెద్దమనిషి చేతి మీదుగా జరగడం శుభమని మా యజమాని, యంత్రానికి తొలి బొట్టు పెట్టవలసిందిగా ఆయనను కోరారు. దేవుడి సన్నిధిలో చేసే విధంగానే ఆయన భుజం మీది కండువా తీసి, నడుముకు రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడి వేసుకున్నారు. నేను చేయి పట్టుకుని తీసుకువెళ్లాను. ఆయన పీత రెండు చేతులకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, రీలుకు దగ్గరగా నిలబడి కళ్లు మూసుకుని నమస్కరించారు. బొట్టు పెట్టగానే ఎత్తమని ఆపరేటరుకు ముందుగా చెప్పి ఉంచినవాణ్ణి నేనే. డొంకూరులో పడవలు నడిపి వచ్చినవాడు కనుక అందరూ సరంగు మావ అని పిలిచే ఆ ఆపరేటరు, చెప్పినది చెప్పినట్టు చేశాడు. పీత చేతులు మూసుకున్నాయి. రీలు మూరెడు ఎత్తు లేచింది. దానితో పాటు, పీత చేతికీ రీలుకూ నడుమ చిక్కుకున్న మాస్టారి కండువా కొస కూడా లేచింది. ఆయన మునివేళ్ల మీదికి వచ్చారు. వెంటనే కరెంటు పోయింది.

“ఏటి బాబూ ఇది?” అన్నారు మాస్టారు. (అప్పటివరకు ఆయన నాతో గ్రంథంలో అచ్చువేసినట్టు మాట్లాడారు.)

సరంగు మావ మీటలన్నీ నొక్కి చూసి చేతులు దులుపుకున్నాడు. “నానేటి సేతును బాబూ? పీత పట్టీసింది. కరెంటొచ్చీదాకా ఇడవదు. మొన్న మీరే సెప్పినారు కదా.”

నడుము దగ్గర ముడి విప్పుదామంటే, లాగుడుకు అది రాయిలా బిగిసిపోయింది. యజమాని కత్తెర తెమ్మని కేకవేశారు. మాస్టారు చేయెత్తి వారించారు. “కత్తెర దూరంగా ఉంచండి. శుభకార్యం మీద వచ్చినవాణ్ణి. ఈ గుడ్డ మీద కత్తెర పడితే సంబంధం ఇక్కడితో సరి.” ఆ మాటతో నా గుండె కూడా ఆ రీలుతో పాటు గాలిలో వేలాడసాగింది.

అంతలో రీలు కొక్కెం మీద నెమ్మదిగా తిరగడం ప్రారంభించింది. దాని వెంట మాస్టారు మునివేళ్ల మీద ప్రదక్షిణం మొదలుపెట్టారు. బంక కాచే చోట నుంచి లేచి వచ్చిన, అందరూ బంకప్ప అని పిలిచే పెద్దావిడ ఆ దృశ్యాన్ని తృప్తిగా చూసి, “పెళ్లి కాకముందే మావగారికీ పీతకీ కొంగుముడి ఏసీసినారేటి, సూపరేజరు బాబూ?” అన్నది. ఆడవాళ్లందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను పరుగున వెళ్లి, రీలును అవతలి వైపు నుంచి రెండు చేతులా కౌగిలించుకుని ఆపాను. వదిలితే మళ్లీ తిరుగుతుంది. ఆ విధంగా కాబోయే మామగారూ నేనూ ఒకే కాగితపు రీలుకు చెరొకవైపున, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా నిలిచిపోయాము.

తరువాత అవతలి నుంచి పాఠం చదువుతున్న కంఠం వినిపించింది.

“‘సందర్శకులు పసుపు గీత దాటరాదు.’ ఇది రాసినది ఎవరు బాబూ?”

“నేనేనండీ.”

“దస్తూరీ బాగుంది. నన్ను దాటించినది?”

“నేనేనండీ.”

“‘యంత్రము నడుచుచుండగా సంభాషణ నిషిద్ధము.’ ఇప్పుడు నడవడం లేదు కనుక మాట్లాడుకోవచ్చును.” ఆయన గొంతు సవరించుకున్నారు. “మా అమ్మాయికి బడిలో ఉద్యోగం వచ్చింది. పెళ్లయినా మానదట. ఈ సంగతి నీ ముఖం చూసి అడగలేక, ఒకసారి సగం దారిలో నందిగాం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాను. కాదంటావేమోనని.”

గృహ నిర్వహణలో శ్రమ విభజన అన్న విషయం మీద నా దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉండేది. ఎదురుగా కూర్చుని ఉంటే అది తప్పక చెప్పేవాణ్ణి, సంబంధమూ తప్పక పోయేది. కానీ చెంప ముతక కాగితానికి ఆనించి, చేతులు తిమ్మిరెక్కి ఉన్న మనిషికి ఉపన్యాసం రాదు. “మానవద్దండీ,” అన్నాను. “నాకు వంట రాదు, నేర్చుకుంటాను. మీరు కాలు కొంచెం వెనక్కి పెట్టండి, అది రీలు కింద ఉండకూడదు.”

“నీకు కోపం ఎక్కువని విన్నాను.”

“ఎవరన్నారండీ?”

“ఎవరిని అడిగినా అదే అన్నారు.”

“కోపమే గానీ కడుపులో ఏటీ నేదు బాబూ,” అని బంకప్ప నా తరఫున సాక్ష్యం చెప్పింది. “అరిసీసి, మళ్లీ ఆయనే వొచ్చి తిన్నావా అని అడుగుతాడు.”

కరెంటు వచ్చింది. రీలు దిగింది, పీత నోరు తెరిచింది. కండువా చిరగలేదు; రబ్బరు దిమ్మ ముద్ర, పసుపు మరక మాత్రం పడ్డాయి. మాస్టారు ముడి విప్పించుకుని, కండువాను నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకుని, యజమానికి నమస్కరించి ఆటో ఎక్కారు. నా వైపు చూడలేదు. ఆ సాయంత్రం సంబంధం పోయినట్టేనని మా అమ్మతో చెప్పి, అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

వారం తిరగకుండానే ముహూర్తం పెట్టుకోవడానికి మాస్టారే స్వయంగా వచ్చారు. ఎందుకు ఒప్పుకున్నారని అడిగే ధైర్యం నాకు ఏనాడూ కలగలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి కూతురితో ఆయన అన్న మాట నా భార్య చాలా ఏళ్ల తరువాత చెప్పింది: “ఆ బోర్డులు చూసి భయపడకమ్మా. వాటిని ముందుగా మరిచిపోయేది ఆ అబ్బాయే.”

మాస్టారు ఇప్పుడు లేరు. నా భార్య పిల్లలకు చదువు చెప్పి చెప్పి పదవీ విరమణ చేసింది. వంట ఇప్పటికీ సగం నాదే. రీలును కౌగిలించుకుని, బతుకంతా చెడిపోయిందనుకుంటూ నిలబడిన ఆ సన్నని యువకుడు అప్పుడప్పుడు నాకు కళ్లముందు మెదులుతాడు. బాబూ, జీవితం మొత్తంలో ఒక మనిషికి నువ్వు బాగా నచ్చిన ఘడియ ఇదేనని అతని చెవిలో చెప్పి రావాలనిపిస్తుంది. చెప్పినా నమ్మడు. ముందుగా అనుమతి తీసుకుని లోపలికి వచ్చారా అని నన్నే అడుగుతాడు.