‘డోళే ఆలే’ అన్న మాట నమ్మి

ఏప్రిల్ ఆఖరి వారం, ఉదయం తొమ్మిదీ పదికి చంద్రపూర్ స్టేషన్‌లో దిగాను. భుజాన కిట్ బ్యాగు, చేతిలో ఇనుప ట్రంకు, జేబులో మూవ్‌మెంట్ ఆర్డరు. అప్పటికి నేను నాయక్‌ని. బయట మా ట్రక్కు సిద్ధంగా ఉంది. వరోరా వైపు గంట ప్రయాణం. అడవి అంచున మందుగుండు సామగ్రి దాచే డిపో. దానికి కాపలా మా పని. రెండేళ్ల డ్యూటీ.

సైనికుడంటే మీకు మంచుకొండలే గుర్తొస్తాయి. నా వంతుకు బొగ్గు ధూళి వచ్చింది. నాలుగో నంబరు టవర్ నా పోస్టు. ముప్పై అడుగుల ఎత్తు, పైన రేకు. ఉదయం ఆరు నుంచి పన్నెండు వరకు డ్యూటీ. రైఫిలు, రెండు మ్యాగజైన్లు, బైనాక్యులర్, వైర్‌లెస్ సెట్టు, రెండు లీటర్ల నీళ్లు. మే నెలలో పదకొండు దాటితే రైఫిలు ఇనుము ముట్టుకోలేం. పడమటి గాలి లేచిందంటే గనుల మీది ధూళి అంతా మా మొహాల మీదే.

మే రెండో వారంలో కుడి కంట్లో నలుసు పడింది. బాగా నలిపాను. మర్నాడు కన్ను ఎర్రబడింది, రెప్పలు అతుక్కుపోయాయి.

మా వైర్‌లెస్ ఆపరేటర్ మరాఠీవాడు. నా మొహం చూసి నవ్వాడు. “డోళే ఆలే” అన్నాడు. కండ్లకలకకు మరాఠీలో అదే మాట. కళ్లు వచ్చాయి అని అర్థం. “వచ్చినవి వాటంతటవే పోతాయి, వారం ఓపిక పట్టు” అని హిందీలో భరోసా ఇచ్చాడు. ఆ మాట నాకు భలే నచ్చింది. చుట్టాల్లా వచ్చాయి, చుట్టాల్లా పోతాయనుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. చుట్టాలు కదల్లేదు.

క్యాంపులో చిన్న ఆసుపత్రి ఉంది. నా బ్యారక్ నుంచి నాలుగు నిమిషాల నడక. అయినా వెళ్లలేదు. జూన్‌లో ఫైరింగ్ పరీక్ష ఉంది. అది పాసైతే హవల్దార్‌నవుతాను. నేను గురి చూసేది కుడి కన్నుతోనే. రిజిస్టర్‌లో పేరెక్కితే పెద్ద మిలిటరీ ఆసుపత్రికి పంపుతారు, మెడికల్ కేటగిరీ తగ్గిస్తారు, పరీక్ష పోతుంది. పన్నెండేళ్ల సర్వీసును ఒక ఎర్ర కన్ను మింగేస్తుందని భయపడ్డాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరిగాను.

ఆదివారం ఔట్‌పాస్ తీసుకుని చంద్రపూర్ బజారుకు వెళ్లాను. అక్కడ ఒక మెడికల్ షాపు. యజమాని తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగాయన.

“కండ్లు వచ్చినయా సాబ్? గీ చుక్కలు ఏస్కోండ్రి. దినాం మూడుసార్లు. ఎరుపు గాయబ్ అయితది.”

ఎర్ర మూత సీసా. నిజంగానే రెండు రోజుల్లో ఎరుపు పోయింది. మనసులో ఆయనకు దండం పెట్టుకున్నాను. ఐదో రోజు నుంచి వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుండేది. టవర్ మీద, చూపు ఎలా ఉందో తేల్చుకుందామని ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో గేటు వైపు చూస్తున్నాను. సెట్టు మోగింది.

“టవర్ నాలుగు, గేటు దగ్గర ఎవరున్నారు? ఓవర్.”

“టవర్ నాలుగు. ఎవరూ లేరు. ఓవర్.”

“నేనున్నాను” అంది మా పై అధికారి సుబేదార్ సాబ్ గొంతు. “ఓవర్.”

ఎడమ కన్ను తెరిచాను. గేటు పక్కన, సెట్టు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండ కళ్లలో పడిందని అబద్ధం చెప్పాను. అంత జరిగినా, ఆ వచ్చే ఆదివారం రెండో సీసా కోసమే బస్సెక్కాను.

షాపు ముందు బెంచీ మీద ఒక పెద్దామె కూర్చుని ఉంది. కుడి కంటికి తెల్ల కట్టు. నేను షాపాయనతో తెలుగులో మాట్లాడటం విని పిలిచింది.

“బిడ్డా, జర గీ చీటీ సదువు. దవాఖానల రాసిచ్చిండ్రు. మా కొడుకు సదివి, ఏం గాదు అంటుండు. ఆని మొఖం జూస్తే నాకు నమ్మబుద్ధి అయితలేదు. గిప్పుడే బండి పెట్టొస్తనని పోయిండు.”

చీటీ సగం ఇంగ్లీషు, సగం మరాఠీ. కింది వరుసలో ‘ఉజవా డోళా’ అని ఉంది. కుడి కన్ను. దాని పక్కన ‘దృష్టి నాహీ’. చూపు లేదు.

“ఎట్లయింది అవ్వా?” అన్నాను, చదవకుండా.

“మాది రాజురా అవతల. చేన్ల పత్తికట్టె తాకింది. కండ్లు వచ్చినయ్ అన్నరు. వచ్చినయి పోతయ్ గదా అని ఊకున్న. ఊర్లె ఒకలు చుక్కల మందు దెచ్చిచ్చిండ్రు. ఎరుపు పోయింది గని నొప్పి పోలే.”

సంచిలోంచి సీసా తీసి చూపించింది. ఎర్ర మూత. నా జేబులో ఖాళీ అయినదీ అదే.

“ఏం రాసిండ్రు బిడ్డా?”

టవర్ మీద వచ్చిన అబద్ధం ఇక్కడ నోటికి రాలేదు. “ఆ కన్నుకు సూపు లేదని రాసిండ్రు అవ్వా.”

ఆమె సీసాను తిరిగి సంచిలో వేసుకుంది. తర్వాత నా వైపు చూసింది. “నీ కంట్ల నీళ్లు గారుతున్నయ్. దవాఖానకు పోయినవా?”

“లేదు.”

“పో మరి. నాకు సదువనీకి నువ్వు దొరికినవ్. నీకెవరు సదువుతరు?”

సీసా కొనకుండానే బస్సెక్కాను. మధ్యాహ్నం మూడూ నలభైకి సుబేదార్ సాబ్ ముందు నిలబడ్డాను.

“ఎన్నాళ్ల నుంచి?” అన్నాడు.

“ఇరవై నాలుగు రోజులు, సాబ్.”

“గేటు దగ్గర నేను కనబడనప్పుడే నువ్వు చెప్పాల్సింది” అని, డ్రైవర్‌ని కేకేశాడు.

నాగపూర్ మిలిటరీ ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది ఇదీ: అది కండ్లకలక కాదు, నల్లగుడ్డు మీద పుండు. ఆ చుక్కలు ఎరుపును దాచి పుండును పెంచాయి. ఇంకో వారం ఆగితే కన్ను దక్కేది కాదు. గంట గంటకూ మందు వేశారు. మూడు వారాలకు పుండు మానింది, మచ్చ మిగిలింది, దాంతో కేటగిరీ తగ్గింది. పరీక్ష పోయింది. నాయక్‌గానే పదవీ విరమణ చేసి, అదే ట్రంకుతో మా ఊరు జగిత్యాలలో దిగాను. బాధ లేదని చెప్పను. హవల్దార్ పట్టీ మీద నాకు చాలా ఆశ ఉండేది.

ఎడమ కన్ను మూస్తే ఇప్పటికీ ప్రతిదాని మీదా నువ్వుగింజంత పొగ. దానికి అలవాటు పడ్డాను. ఆ బెంచీకి మాత్రం అలవాటు పడలేకపోయాను. ఆ రోజు నేను లేచి రెండడుగులు వేశానో లేదో, ఆమె కొడుకు వచ్చాడు. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి, సీసా పక్కన సంచిలో పెట్టుకుంది.

“పోదాం అవ్వా. ఏం గాదు, నయమైతది” అన్నాడతను.

“ఔ బిడ్డా” అంది ఆమె, కట్టు సర్దుకుంటూ. “ఏం గాదు.”