ఎలుకలమ్మ ముక్కు

జంతువుల మెదడు వాసనలను ఎలా పోల్చుకుంటుందో పరిశీలించే ప్రయోగశాల అది. అక్కడ బోనుల్లో పొట్టు మార్చి, చిట్టెలుకలకూ మిడతలకూ మేత పెట్టే ఆవిడను అందరూ ఎలుకలమ్మ అనేవారు. పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, ఆవిడ మాత్రం పిలిస్తే పలికేది.

ఒకసారి ఆవిడకు జ్వరం వచ్చింది. తగ్గి పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకుపోయింది. ఆ సంగతి ముందు కనిపెట్టింది బస్సు డ్రైవరైన భర్త. సాయంత్రం ఇల్లు చేరేసరికి పొయ్యి మీద పాలు అడుగంటి మాడుతున్నాయి. పొయ్యికి వీపు పెట్టి ఆవిడ నిశ్చింతగా చొక్కాకు గుండీలు కుడుతోంది.

"నీ ముక్కు సెలవు పెట్టిందా ఏంటి?" అన్నాడు పొయ్యి ఆపుతూ.

ఆవిడ గిన్నె తెచ్చి మొహం దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఏమీ తెలియలేదు. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు ప్రయోగశాలకు పెద్ద అయిన డాక్టరమ్మతో చెప్పుకుంది. డాక్టరమ్మ ఆవిడను గోడ మీది బొమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇది ఎలుక మెదడు. ముందర రెండు బుడిపెలున్నాయి చూడు, ముక్కు పంపే కబుర్లు మొదట చేరేది ఇక్కడికే."

"మరి మిడతకి ముక్కే లేదు కదమ్మా?"

"మీసాలున్నాయిగా. వాసన వాటితో పట్టి మెదడుకి పంపుతుంది. నీకూ ఎలుకకి ఉన్నట్టే బుడిపెలున్నాయి, కాకపోతే మెదడు కింద నక్కి ఉంటాయి. వాటి దాకా వెళ్లే నరాలు జ్వరానికి దెబ్బతిని ఉంటాయి. చాలామందికి మళ్లీ మొలుస్తాయి. ఎలుకలకీ అంతే."

"ఎలుకతో పోలిస్తే సంతోషపడాల్సి వస్తుందనుకోలేదమ్మా."

డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ పొద్దున్నా సాయంత్రమూ సాధన మొదలైంది. నిమ్మతొక్క, లవంగం, గులాబీ రేకులు వేరువేరు సీసాల్లో వేసి భర్త ఒక్కొక్కటే కళ్లు మూసుకున్న ఆవిడ ముక్కు దగ్గర పెట్టేవాడు. "ఇది లవంగం. గుర్తు తెచ్చుకో" అనేవాడు. వారాల తరబడి గాలి తప్ప ఏమీ అందలేదు.

ఓ రోజు ఆవిడ మొహం చిట్లించింది. "ఏమండీ, మీ దగ్గర కాలిన వైరు వాసనొస్తోంది."

ఆయన గబగబా స్నానం చేసొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు తడిసిన వైరు."

సంగతి విని డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. "కొత్త నరాలు ఇంకా సరైన చోట అతుక్కోలేదు. ఒకరి ఉత్తరం ఇంకొకరికి అందుతోంది."

"ఆయన్నేం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యొద్దు. సీసాలు వాసన చూడ్డం మాత్రం మానకు."

మానలేదు. ఒక పొద్దున ఆయన సీసా మూత తీసి నోరు తెరవబోతుండగానే "లవంగం" అంది. ఆయన పేరు చెప్పకుండా ఇంకో సీసా అందించాడు. "నిమ్మ" అంది. ఆయన బస్సు తీయాల్సిన వేళ దాటిపోతున్నా ఇద్దరూ కదల్లేదు. అదీ ఇదీ మార్చి మార్చి చూస్తూనే ఉన్నారు.

గులాబీ మాత్రం ఇప్పటికీ నానిన అట్టముక్కలాగే ఉందట. అది మారుతుందో లేదో చెప్పలేనంది డాక్టరమ్మ. దాని కోసం దిగులుపడే తీరిక ఎలుకలమ్మకు లేదు. మిడతల గదిలో గుడ్లు పగిలి గోరంత పిల్లలు గంతులేస్తున్నాయి. వాటికి లేత గడ్డి కోసుకురావాలి.