పోపు కాదు, పోపో

మా మనవరాలి మీద కోపం నాకింకా తగ్గలేదు. కొడుకు కూతురది, ఇరవై నిండాయి. ఫోన్ మీద దాని వేళ్లు కుట్టుమిషన్ లాగా పరిగెడతాయి. నేను చెప్పినవన్నీ రాసుకున్నది అదే. పులుసు ఎలాగ పెట్టాలో, బాలింతకి ఏం పెట్టాలో, ఎవరి ఇంటిపేరేటో. తెలుగు మాటాడుతుంది గాని రాయడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టీది. ఒట్టి అక్షరాల ఫైళ్లట, నెట్ లేకపోయినా తెరుచుకుంటాయట. "నువ్వేటీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు మామ్మా, అన్నీ ఇందులో ఉన్నాయి" అనీది.

సరేనన్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

రెండేళ్ల కిందట మా ఆయనకి ఒక సూదిమందు పడలేదు. ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరందలేదు. ఆ మందు పేరు చీటీ మీద రాసిచ్చి, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా చూపించమన్నారు. బారెడు ఇంగ్లీషు పేరు. ఫోన్‌లో ఎక్కించీసాను కదా, ఇంకెందుకని ఆ చీటీ కాస్తా పారీసింది ఈ మహాతల్లి.

మొన్న వానల్లో ఆయన కాలి పుండు చీము పట్టి జొరం వచ్చీసింది. ఇక్కడ బర్మాలో మేముండే సంచౌంగ్ పేటలో, మా వీధి చివరి క్లినిక్‌కి తీసుకెళ్లాం. కొత్త డాక్టరమ్మ. సూది సిద్ధం చేయిస్తూ, పడని మందులేమైనా ఉన్నాయా అని అడిగింది.

"ఉంది సయామా, ఉంది, ఆగండి" అన్నాను. ఇక్కడ డాక్టరమ్మని అలాగే పిలుస్తాం.

"ఏ మందు?"

నేను మనవరాలి వైపు చూశాను. అది ఫోన్ వైపు చూసింది.

తాత అని కొట్టింది. లేదు. మధ్యలో హెచ్ పెట్టి కొట్టింది, రెండు చోట్లా పెట్టి కొట్టింది. లేదు. మందు అని కొట్టింది. బర్మా మాటలో మందుని సే అంటారు, అదీ కొట్టింది. లేదు. నర్సు సూది పట్టుకుని నిలబడే ఉంది. మా ఆయన వణుకుతూ, "ఏదో ఒకటి పొడిచీమనండి" అంటున్నారు.

"మీరూరుకోండి!" అని కసిరాను. "ఏటే, ఏం పేరు పెట్టేవో నీకే తెలీదా?"

"అప్పుడు తెలుసు మామ్మా."

అప్పుడు తెలుసట! పైనుంచి ఒక్కొక్కటీ చదవమన్నాను. నోటు, నోటు రెండు, కొత్త నోటు, ఆ ఆ ఆ, ముఖ్యం. ముఖ్యం తెరిస్తే ఖాళీ! డాక్టరమ్మ గడియారం చూసింది.

"చారు, పులుసు, పోపు, బాలింత..."

"ఆగు. పోపేటి?"

"వంటలే మామ్మా. చారులోకి పోపు చెప్పేవు కదా."

"నేనెప్పుడు చెప్పేనే? నాలుగు ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ నూనెలో వెయ్యడానికి ఎవరైనా రాయించుకుంటారా? బేగి తెరువు!"

తెరిచింది. దాని మొహం పాలిపోయింది. అది పోపు కాదు, పోపో. బర్మా మాటలో తాతంటే ఫోఫో. మా ఇళ్లలో ఆ వత్తు పలకదు, పోపో అంటాం. చిన్నప్పుడు ఇదీ ఆయన్ని అలాగే పిలిచీది. ఆయనకి ఊపిరందని ఆ రోజు, కంగారులో ఆ పాత పిలుపే ఫైలుకి పెట్టీసింది. ఇప్పుడు చివరి అక్షరం చూడకుండా వంటనుకుని దాటీస్తోంది. లోపల ఒక్కటే ముక్క, ఆ మందు పేరు.

డాక్టరమ్మ అది చదివి, నర్సు చేతిలో సూది పక్కన పెట్టించింది. అదీ ఆ జాతి మందేనట. వేరేది రాసింది.

ఆయన జొరం తగ్గాక దాన్ని నా ముందు కూర్చోబెట్టాను.

"పేర్లన్నీ మార్చు."

"ఏమని?"

"ఎవరిదో, ఏటో, రెండూ ఉండాలి. ముఖ్యమట! ఎవరికి ముఖ్యం? నోటట! దేని నోటు? తాతని ఇంట్లో ఎన్ని రకాలుగా పిలుస్తామో అన్నీ పెట్టు. కంగారులో ఏ మాట నోటికొస్తే ఆ మాటకి దొరకాలి."

గొణుక్కుంటూ కొట్టింది: తాత పోపో పడని మందు సూది సే.

"ఇంత పొడుగు పేరా మామ్మా? ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"నవ్వనీ. వాళ్ల తాతకి ఏ మందు పడదో వాళ్లని చెప్పమను, చూద్దాం."

మంచం మీంచి మా ఆయన తలెత్తారు. "అన్నీ బాగున్నాయి గాని, నా అసలు పేరేదే? రేపు మీరిద్దరూ పక్కన లేకపోతే, వెతికేవాడికి నేను ఎవరి తాతనని తెలుస్తుంది?"

ఆ పేరు అన్నిటికన్నా ముందు పెట్టించాను.