బ్రేకు ఇన్‌స్పెక్టరుకు నేను రాసిన ఆకాశరామన్న ఉత్తరం

నాది అనుమానపు బుద్ధి. మా వదిన నన్ను అనుమానప్పక్షి అనేది, అదీ నా మొహం మీదే. అననీ. పాలు పోసే మనిషి చెంబు వంచకముందే అందులో నీళ్ళెన్నో చెప్పగలిగిన దాన్ని, మా అన్న తోలే లారీకి బ్రేకుల్లేవని కనిపెట్టలేనా?

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం రోజులు. రెంటచింతలలో మిషను బడిలో నేను పంతులమ్మను. అన్న నరసరావుపేట షావుకారు ఒకాయన దగ్గర డ్రైవరు. మా వైపు నుంచి నాపరాళ్ళు పేటకు తోలడం పని. పెట్రోలు కరువు కదా, లారీ వెనక పెద్ద ఇనప డబ్బా బిగించి, అందులో బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. ఎంత బరువు ఎక్కించవచ్చో బండి పక్కన తెల్లరంగుతో రాసి ఉండేది. షావుకారు దాన్ని ముగ్గు కింద లెక్కగట్టి, ఒకటికి రెండింతలు ఎక్కించేవాడు.

లారీ మా ఇంటి ముందు ఆగేటప్పుడు, చక్రాలు ఇంకా తిరుగుతుండగానే క్లీనరు కిందికి దూకేవాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, చేతిలో తుమ్మదుంగ. అది చక్రం కింద తోశాకే అన్న దిగేవాడు. ఎందుకన్నా అంత హడావిడి అంటే, "అలవాటులేవే" అనేవాడు. ఒకనాడు ఆ దుంగ చేతిలోకి తీసుకుని చూశాను. ఒక పక్కంతా నలిగి పీచుపీచుగా ఉంది. అలవాటుకు పెట్టే దుంగ అట్లా నలుగుతుందా?

అప్పటి నుంచీ నాకు అన్నం సయించలేదు. పేట దారిలో రోడ్డు వాగులోకి జారుగా దిగే చోటు ఒకటుంది. ఎదురుగా ఎడ్లబండి వస్తే, వెనక అన్ని రాళ్ళతో మా అన్న దేంతో ఆపుతాడు? వదినకు ఇద్దరు పిల్లలు, కడుపులో ఇంకొకరు. వాళ్ళకు అతను తప్ప దిక్కు లేదు. నాకు మాత్రం ఎవరున్నారు?

లారీలన్నింటినీ ఏడాదికొకసారి బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. ఆయన సరేనంటేనే రోడ్డెక్కాలి. మరి ఈ లారీని ఎట్లా సరేనన్నాడు? లంచం తిని ఉంటాడు, ఇంకేముంది అనుకున్నాను. పాపం, ఆ ఒక్కసారి నా అనుమానం ఏ పాపం ఎరగని మనిషి మీద పడింది.

బడికి పలకలు కొనడానికి పేట వెళ్ళిన రోజే అక్కడ లారీల తనిఖీ జరుగుతోంది. మైదానంలో అన్న లారీ నంబరు కనబడింది. ఆ నంబరు నాకు కంఠతా. కానీ అన్న లారీ తలుపు ఊడిపోయి తాడుతో కట్టి ఉండాలి. ఈ లారీ తలుపు చక్కగా మూసి ఉంది. తిన్నగా షావుకారు షెడ్డు వెనక్కి నడిచాను. అక్కడ టార్పాలిను కింద, నంబరు పలక ఊడదీసి, తాడు కట్టిన తలుపుతో మా అన్న లారీ! ఒక్క మంచి లారీకే నంబరు పలకలు మార్చి మార్చి బిగించి ఇన్‌స్పెక్టరు కళ్ళకు గంతలు కడుతున్నారన్నమాట. ఓరి మీ దుంపతెగ!

ఇంటికొచ్చి అన్నను పట్టుకున్నాను. అతనికి అంతా తెలుసు.

"తెలిస్తే ఏం జేయమంటావే? ఒద్దంటే రేపు ఇంకోణ్ణి ఎక్కిస్తాడు. గేరుతో ఆపుతన్నాగా. నువ్వు బళ్ళో పిల్లోళ్ళ సంగతి చూసుకో, పో" అన్నాడు.

చూసుకున్నాను. మర్నాడు బళ్ళోనే కూర్చుని ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాశాను. పలకలు మార్చిన సంగతి, బరువు సంగతి, ఏ దారిన ఏ వేళ వస్తారో, అన్నీ. నా దస్తూరి ఎవరూ పోల్చుకోకుండా ఒకటో తరగతి పిల్లల్లాగా లావు లావు అక్షరాలు దిద్దాను. సంతకం ఆకాశరామన్నది. మా ఊరి పోస్టుమాస్టరు మీద కూడా నమ్మకం లేక, బస్సెక్కి గురజాల పోయి డబ్బాలో వేసి వచ్చాను. ఇంత జాగ్రత్త దొంగలు కూడా పడరు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చెప్పాపెట్టకుండా ఊరి బయట లారీ ఆపించి, తానే పక్కన కూర్చుని, నడిపించి, బ్రేకు నొక్కమన్నాడట. అన్న నొక్కాడు. లారీ దాని మానాన అది పోయి కంచెలో దూరి ఆగింది. బ్రేకులు వేయించిందాకా కదలకూడదని దాన్ని గురజాల పోలీసు స్టేషను ఆవరణలో పెట్టించాడు. ఆ వారం నేను కడుపునిండా తిన్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం అన్న బడికే వచ్చాడు. పిల్లలు అన్నాలకు పోయారు. జేబులోంచి మడత కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"షావుకారు ఇచ్చాడు. ఎవుడో మన మీద రాశాడంట. వాడెవుడో కనుక్కోమన్నాడు, మూడు రోజుల్లో. లేకపోతే నన్ను బండెక్కనియ్యడంట. చదువు."

నా ఉత్తరం. ఆఫీసులో ఎవరి చేయి తడిసి అది షావుకారు దాకా పోయిందో ఇప్పటికీ నాకు తెలియదు. గుమాస్తా అని ఒకసారి, బంట్రోతు అని ఒకసారి అనుకుంటాను. అన్నకు అక్షరం రాదు. ఊళ్ళో అతని కాగితాలన్నీ చదివి పెట్టేది నేనే. నా రాత నేనే, ఎవరో రాసినట్టుగా, తడుముకుంటూ చదివాను. చివర్లో "ఆ డ్రైవరు పిల్లలు గలవాడు, ప్రాణం కాపాడండి" అని రాసిన ముక్క మింగేశాను. అయిందని మడవబోయాను. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. కాగితం నెత్తిన వేలు పెట్టాడు.

"దీన్ని చదవలేదేందే?"

అక్కడ చిన్న సిలువ ఉంది. ఏ కాగితం మీదైనా ముందు సిలువ గీసి ఆ తర్వాతే రాయాలని కన్యస్త్రీలు చిన్నప్పుడు నేర్పారు. చెయ్యి దానంతటది గీస్తుంది, నాకు తెలియను కూడా తెలియదు. దస్తూరి మార్చాను, ఊరు మార్చాను, పేరు మార్చాను. ఇది మార్చాలని తోచలేదు. నా మతి మండ!

"నాకు అచ్చరం రాదు గానీ ఇది వచ్చు. షావుకారు కూడా చూశాడు. మీ గుడికి పోయేవోళ్ళలో ఎవుడో అన్నాడు. మనోళ్ళలో ఇన్‌స్పెక్టరుకు రాసేంత చదువు యాడుందే?"

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు, కోపంతో. "నేనే రాశా. చంపుతావా? చంపు. ఆ వాగులో నీ శవం ఏరుకునే కంటే అదే నయం" అన్నాను. అన్న కొట్టలేదు, తిట్టలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కొడితే బాగుండును.

మర్నాడు తెల్లవారే పేట బస్సెక్కాడని వదిన చెప్పింది. నన్ను పట్టిస్తాడనే అనుకున్నాను. షావుకారు మిషను వాళ్ళతో చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. తోడబుట్టినవాణ్ణి కూడా అనుమానించాను, అదీ నా బుద్ధి.

సాయంత్రం బస్సు దిగి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిచ్చాను, తాగాడు.

"నేనే రాయించానని చెప్పా" అన్నాడు.

"ఏమన్నాడు?"

"మాచర్ల నుంచి పేట దాకా నాకు ఎవురూ బండి ఇయ్యకుండా చేస్తానన్నాడు. చేస్తాడు, అంత పనీ చేస్తాడు." చెంబు పక్కన పెట్టాడు. "బండికి మాత్రం బ్రేకులు ఏపిచ్చాడు, కొత్తయ్యి. ఇన్‌స్పెక్టరు దగ్గరుండి నొక్కి చూసి ఒదిలాడంట. రేపట్నించి ఇంకోడు తోలతాడు."

"పోనీలే అన్నా, ప్రాణమైతే దక్కింది" అన్నాను.

అన్న నా వైపు తిరిగాడు. కోపం లేదు మొహంలో.

"చావకుండా ఆపావు, బాగానే ఉంది. ఇప్పుడు ఎట్టా బతకాలో కూడా నువ్వే చెప్పవే."