లోకల్ ప్రాక్సీ రాజక్క

నిన్న సాయంత్రం నారాయణగూడ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయింది. ఎందుకా అని కారు అద్దం దించానో లేదో, బరాత్ బ్యాండు వచ్చి చెవుల మీద పడింది. ముందు డోలు, వెనక బాకాలు, వాటన్నిటి మీదా గొంతు చించుకుంటున్న క్లారినెట్. గుర్రం మీద పెళ్లికొడుకు చెమటలో తడిసి ముద్దవుతున్నాడు. చుట్టాలు రోడ్డంతా తమదే అన్నట్టు ఆడుతున్నారు. డ్రైవర్ నోటికొచ్చినట్టు తిడుతుంటే నేను మాత్రం సీట్లో కూర్చునే భుజాలు ఎగరేస్తూ పకపకా నవ్వాను. "ఏమైంది మేడమ్?" అన్నాడతను, అద్దంలోంచి అనుమానంగా చూస్తూ. ఏం చెప్పను? క్లారినెట్ వినబడితే నాకు రాజక్క గుర్తొస్తుంది. రాజక్క గుర్తొస్తే నవ్వు ఆగదు. నవ్వీ నవ్వీ చివరికి కళ్లు తుడుచుకోవాలి. "ఏం లేదు, మంచిగ వాయిస్తున్నరు" అని ఊరుకున్నాను.

అసలు పేరు రాజేశ్వరి. చిక్కడపల్లిలో పుట్టి చిక్కడపల్లిలోనే మెట్టిన మనిషి. అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైన గది కిరాయికి తీసుకుని, చిన్న చిన్న వ్యాపారాల వాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టేది. ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతికితే ఆ పేర్లు పైన కనబడేలా చూడడం ఆమె పని. మనిషి లావు, గొంతు అంతకన్నా లావు. సంతోషమొస్తే బల్ల చరిచేది, కోపమొచ్చినా బల్లే చరిచేది, ఏది ఏదో మొహం చూసి తెలుసుకోవాలి. సెర్చ్ ఇంజిన్‌ను ఎప్పుడూ 'వాడు' అనేది, పక్కింటి మనిషి గురించి చెప్పుకున్నట్టు. నాకు ఇవాళ అన్నం పెడుతున్న పని ఆమె నేర్పిందే. ఆమె పోయినప్పుడు వచ్చినవాళ్లంతా తలా ఒక మంచి మాట చెప్పుకున్నారు. మా మొదటి పరిచయం సంగతి మాత్రం అక్కడ చెప్పలేకపోయాను. చెబితే చావింట్లో నవ్వాల్సి వచ్చేది.

అది 2012 ప్రాంతం. జనగామ దగ్గర పల్లె నుంచి గ్రూప్స్ రాద్దామని వచ్చి అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉన్నాను. ఆ గల్లీల్లో పరీక్షలు తప్ప ఇంకో లోకం లేదు. టీ కొట్టు దగ్గర ర్యాంకులు, ఇడ్లీ బండి దగ్గర కటాఫ్‌లు, మెస్సులో పప్పు పోసుకుంటూ లోకల్, నాన్‌లోకల్ కొట్లాటలు. ఎవరు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్, ఉద్యోగాల్లో వాళ్లకే ముందు చోటు. ఇక ప్రాక్సీ అంటే మా గల్లీలో ఒకటే అర్థం. ఒకడి హాల్‌టికెట్ మీద ఇంకొకడు కూర్చుని పరీక్ష రాయడం. కడుపు మాడ్చుకుని చదివినవాళ్లం మేము, కుర్చీలో కూర్చునేది ఇంకెవడో. ఆ మాట వింటేనే మాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒకరోజు పొద్దున ఇడ్లీ బండి దగ్గర నా పక్కనే ఒకావిడ నిలబడి ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతోంది. "ర్యాంకు కరెక్టుగ తెల్వాలంటే లోకల్ ప్రాక్సీనే కావాలె అన్నా. హైదరాబాద్‌ది నాకొద్దు. కరీంనగర్‌ది ఒక్కటి చూడు, చాలు. నమ్మకమైంది ఉండాలె. దొరికిపోతె బ్లాక్ చేస్తరు, మల్ల పరేషాన్."

నా చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఆగిపోయింది. ర్యాంకు! లోకల్! ప్రాక్సీ! పైగా దొరకకూడదట! ఇంకేం కావాలి? ప్లేటు బండి మీద పడేసి ఆమె ముందుకెళ్లి నిలబడ్డాను.

"ఏందక్కా గిది? సిగ్గనిపిస్తలేదా? మేం ఈడ రాత్రనక పగలనక చదువుతుంటే, నువ్వు పట్టపగలు ప్రాక్సీలను దించుతున్నవా?"

బండి చుట్టూ ఉన్న కుర్రాళ్లంతా తలలెత్తారు. "ఎవలు? ఎవలు ప్రాక్సీ?" చూస్తుండగానే గుంపు కట్టేశారు. పోలీసులకు ఫోన్ చేద్దామని ఒకడు, ముందు ఫోన్ గుంజుకోండని ఇంకొకడు. ఆమె తెల్లబోయి నా వంక చూసింది. తర్వాత చేతిలో ఫోన్ చూసుకుంది. తానన్న మాటలు తన చెవిలోనే మళ్లీ మోగినట్టున్నాయి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. ఏం నవ్వు అది! బండి పట్టుకుని, కడుపు పట్టుకుని, చివరికి నన్నే పట్టుకుని నవ్వింది. "నీ కడుపు చల్లగుండ పిల్లా! గా ర్యాంకు కాదు, గా ప్రాక్సీ కాదు! పైకి రా, చూపిస్త. మీరు గూడ రండ్రి, పెద్ద సీఐడీలు బయల్దేరిండ్రు!"

పైకి వెళ్లాం. గదిలో రెండు కంప్యూటర్లు, ఒక డబ్బా సకినాలు. ఆమె కీబోర్డు మీద టకటకా కొట్టి 'పెళ్లి బ్యాండు కరీంనగర్' అని వెతికింది. అన్నిటికన్నా పైన యాదగిరి బ్యాండు అని వచ్చింది.

"చూసినవా? ఫస్టు. మస్తుగున్నది కదా? కరీంనగర్‌ల యాదగిరన్న వెతికితే మాత్రం కనవడ్తలేదట. నేను అబద్ధమాడ్తున్ననా, ఆయన అబద్ధమాడ్తున్నడా?"

"ఎవరో ఒకరు ఆడుతున్నరు" అన్నాను, నా అనుమానం ఇంకా పోలేదు.

"ఇద్దరం ఆడ్తలేం. వాడు మనిషిని చూసి వడ్డిస్తడు. మనం హైదరాబాద్‌ల కూసున్నమని వానికి ఎరికే. రోజూ గిదే నొక్కుతున్నమని గూడ ఎరికే. అందుకె మన ముందల మనదే పెడ్తడు. మన గల్లీల నిలబడి మనమే ఫస్టు అనుకుంటె ఏం లాభం? పెండ్లి కరీంనగర్‌ల, వెతికేటోళ్లు కరీంనగర్‌ల. వాళ్లకేం కనవడ్తున్నదో అది మనం చూడాలె." నా వైపు తిరిగింది. "కాలేజీల ప్రాక్సీ కొట్టినవా ఎప్పుడన్న?"

"కొట్టిన. హాజరు పిలిచినప్పుడు దోస్తు రాకపోతె దాని బదులు పలికేదాన్ని."

"గంతే! మనం గీడనే ఉంటం. కరీంనగర్‌ల ఒక కంప్యూటరు మన బదులు 'ప్రెజెంట్ సార్' అంటది. వాడు మనం కరీంనగర్‌ల ఉన్నమనుకొని అక్కడోళ్లకు చూపించేదే మనకూ చూపిస్తడు. దాన్నే లోకల్ ప్రాక్సీ అంటరు. మన ఆట వానికి దొరికితె బ్లాక్ చేస్తడు, అంతె. ఇప్పుడు పిలువు పోలీసులను!"

కుర్రాళ్లు సకినాలు ఖాళీ చేసి జారుకున్నారు. నన్ను మాత్రం ఆమె పోనివ్వలేదు. "గింత కోపమున్న పిల్ల నాకు పనికొస్తది. పొద్దుగాల చదువుకో, మధ్యాహ్నం రా" అంది. నిజం చెప్పాలంటే ఆమె పిలవకపోయినా వెళ్లేదాన్ని. ఎక్కడో ఉన్న ఊరి కళ్లతో ఇక్కడ కూర్చుని చూడొచ్చన్న మాట నన్ను ఆ రోజంతా కుదురుగా కూర్చోనివ్వలేదు. పాలిటీ పుస్తకం తెరిస్తే అందులోనూ అదే కనబడింది.

యాదగిరన్న సంగతి నాకు మెల్లగా తెలిసింది. తండ్రి నాటి బ్యాండు ఆయనది. పెళ్లికొడుకులు ఇంటర్నెట్‌లో చూసి బ్యాండు మాట్లాడుకునే రోజులొచ్చాక ఆయనకు పిలుపులు పలచబడ్డాయి. బ్యాండుకు ప్రాణం తమ్ముడి క్లారినెట్. ఆ తమ్ముడేమో ఈ ముహూర్తాలకు కూడా ఇట్లాగే ఉంటే దుబాయి పోతానని పాస్‌పోర్టు తీసుకుని కూర్చున్నాడు. యాదగిరన్న ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "అక్కా, వాడు పోతె బ్యాండు పోయినట్టే. క్లారినెట్ లేని బ్యాండును ఎవలు పిలుస్తరు? డోలొక్కటి కొట్టుకుంట పోతె సావుకు పోతున్నరనుకుంటరు." ఫోన్ పెట్టేయగానే రాజక్క కరీంనగర్ ప్రాక్సీ కోసం ఇంకో నంబరు కొట్టేది.

ఢిల్లీ, ముంబయి ప్రాక్సీలు అడిగినంత దొరికేవి. కరీంనగర్‌ది ఎవడిస్తాడు? రాజక్క వదలలేదు. అక్కడి నెట్ సెంటర్ల నంబర్లు సంపాదించి, ఒక్కొక్కరినీ అన్నా, తమ్మీ అని బతిమాలి, చివరికి ఒకాయనను ఒప్పించింది. ఆయన సెంటర్‌లో ఒక మూల కంప్యూటరు మా కోసం నడవాలి. అంతా కుదిరి మేము కూర్చునేసరికి అక్కడ కరెంటు పోయింది. కోతల రోజులవి. అక్కడ వస్తే మాకు పోయేది, మాకు వస్తే అక్కడ పోయేది. రెండు ఊళ్లలోనూ కరెంటు ఒకేసారి ఉన్న మధ్యాహ్నం వచ్చినప్పుడు పండగ వచ్చినట్టు ఇద్దరం కుర్చీలు ముందుకు లాక్కున్నాం. పేజీ నత్తలా తెరుచుకుంది. మొదటి పేజీలో యాదగిరి బ్యాండు లేదు. రెండో పేజీలో లేదు. మూడోదాంట్లో కూడా లేదు. కరీంనగర్ దృష్టిలో ఆయన అసలు ఆ ఊరివాడే కాదు.

రాజక్క యాదగిరి బ్యాండు సైటు తెరిచి పైనుంచి కిందికి మెల్లగా చదువుకుంటూ వచ్చింది. అట్టడుగున అడ్రసు దగ్గర ఆగి రెండు చేతులతో బల్ల చరిచింది. ఈసారి అది సంతోషం కాదు. అక్కడ 'చిక్కడపల్లి, హైదరాబాద్' అని ఉంది. సైటు చేసేటప్పుడు యాదగిరన్నే ముచ్చటపడ్డాడట, హైదరాబాద్ అడ్రసు ఉంటే నలుగురిలో ఇజ్జత్ ఉంటుందని. ఈమె కూడా మురిసిపోయి తన ఇంటి అడ్రసే పెట్టేసింది.

"వాని తప్పేం లేదు పిల్లా. మనం చెప్పిందే వాడు నమ్మిండు. కరీంనగర్ బ్యాండును తోలుకొచ్చి చిక్కడపల్లిల నిలబెట్టింది నేనే" అంటూ ఫోన్ అందుకుంది.

"ముందు అడ్రసు మార్చి, పైకొచ్చినంక చెప్పొచ్చు గదా అక్కా?" అన్నాను.

"ఆయన రోజూ 'నా బ్యాండు పాతవడ్డది, అందుకె ఎవలు పిలుస్తలేరు' అని కుములుతున్నడు. తప్పు బ్యాండుది కాదని ఇయ్యాలనే తెల్వాలె. రేపటి దాంక ఎందుకు కుమలాలె?" అంటూనే నంబరు కొట్టింది. అటువైపు యాదగిరన్నకు మొత్తం చెప్పింది. తప్పు నాదే అన్నా అని రెండుసార్లు అంది. ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆమె మాత్రం తిట్లు పడుతున్న బడిపిల్లలా తల ఊపుతూ నిలబడింది.

ఆ తర్వాత మా పని చూడాలి! కరీంనగర్‌లో వాళ్లు సాధన చేసే గది అడ్రసు పెట్టాం, ఆయన సొంత నంబరు పెట్టాం, అక్కడి పెళ్లిళ్లలో తీసిన ఫొటోలు ఎక్కించాం. ఇక మధ్యాహ్నం అయిందంటే చాలు, కరీంనగర్ కరెంటు కోసం కాచుకుని కూర్చోవడం. మొదట మూడో పేజీలో తేలాడు. తర్వాత రెండో పేజీ. మొదటి పేజీలో కింద కనబడిన రోజు ఆమె కింది షాపు వాళ్లకు కూడా టీ చెప్పింది. నాకు హాస్టల్‌లో అన్నం సహించేది కాదు. పరీక్ష ఫలితాలకు కూడా నేనంత ఆత్రపడలేదు.

సరిగ్గా అప్పుడే యాదగిరన్న ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎప్పుడు చేసినా ఎంగేజే. రెండు రోజులు చూసి రాజక్క దిగులుపడిపోయింది. "కోపమొచ్చి నా నంబరు ఆపేసిండు కావచ్చు. తమ్ముడు దుబాయి పోయిండు కావచ్చు" అంది. ఆ మధ్యాహ్నమే ప్రాక్సీలో యాదగిరి బ్యాండు అన్నిటికన్నా పైకి వచ్చింది. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఆమె మాత్రం బల్ల చరవలేదు. "కంప్యూటరు చెప్తె ఏమాయె? బ్యాండే లేకపోతె ఫస్టొచ్చి ఏం చేసుకుందం? నడు, పోదాం" అంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం కరీంనగర్ బస్సెక్కాం. దారి పొడుగునా ఆ మనిషి ఒక్క సకినం కూడా నోట్లో వేసుకోలేదు.

బస్టాండు బయట మాకు సంబంధం లేని నెట్ సెంటర్‌లోకి వెళ్లి వెతికాం. ఫస్టు! ప్రాక్సీ నిజమే చెప్పిందని రాజక్క గట్టిగా అరిచింది. "జర మెల్లగ అక్కా, పిల్లలు ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపుతున్నరు" అని సెంటర్ అతను బతిమాలుకున్నాడు. రాజక్క అతని ఫోన్ అడిగి నా చేతిలో పెట్టింది. "నా గొంతు గుర్తువడ్తడు. నువ్వు మాట్లాడు, పెండ్లోళ్ల లెక్క." ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. ఎన్నిసార్లు కొట్టానో, చివరికి కలిసింది. స్పీకర్ పెట్టాను.

"అన్నా, పెండ్లికి బ్యాండు గావాలె" అని, దగ్గరలో ఉన్న ముహూర్తం చెప్పాను.

"అయ్యో, ఆ దినం ఖాళీ లేదు చెల్లె."

"ఇంకో జట్టుతోని మీ తమ్ముడు రాడా?"

"వాడు గూడ ఆ దినం ఇంకో పెండ్లికి ఒప్పుకున్నడు. గీ ముహూర్తాలల్ల అస్సలుకే ఖాళీ లేదు, ఏమనుకోకు."

ఉండబట్టలేక అడిగేశాను. "మరి దుబాయి పోతడన్నరు గదా?"

"ఏం పోవుడు! పాస్‌పోర్టు మా అమ్మ బియ్యం డబ్బల ఏసి మూత వెట్టింది. అవునూ, గా ముచ్చట నీకెట్ల ఎరుక? ఎవలమ్మా నువ్వు?"

రాజక్క ఫోన్ లాక్కుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది, ముక్కు ఎగబీలుస్తోంది. అటు ఆయన "హలో, హలో" అంటూనే ఉన్నాడు. ఈమె ఫోన్ మళ్లీ నా చేతికే ఇచ్చి రోడ్డు మీదికి వెళ్లిపోయింది. అరటిపండ్ల బండి అతన్ని, ఆటో కోసం నిలబడ్డ ముసలాయనను, ఎదురొచ్చిన ప్రతివాణ్నీ ఆపి చెబుతోంది. "ఖాళీ లేడట! యాదగిరి ఖాళీ లేడట!"

నేను గ్రూప్స్ మళ్లీ రాశాను, రాలేదు. ఈ పనిలోనే ఉండిపోయాను. ఇప్పుడు నా దగ్గర ఒక టీమ్ ఉంది. ప్రాక్సీలకు కొదవ లేదు, ఏ ఊరు కావాలంటే ఆ ఊరి నుంచి చూడొచ్చు. పిల్లలు స్క్రీన్ నా వైపు తిప్పి "అక్కా, ఫస్టు!" అంటారు. శభాష్ అంటూనే నేను ఫోన్ తీసి, ఆ సైటులో ఉన్న నంబరు కొడతాను. మొన్న సిరిసిల్లలో షామియానాలు కిరాయికిచ్చే ఆవిడకు అట్లాగే చేశాను. ఎంతసేపటికో ఎత్తి, నన్ను మాట కూడా పూర్తి చేయనివ్వలేదు. "ఖాళీ లెవ్వమ్మా, పొద్దటిసంది ఎంతమందికని చెప్పాలె? పెట్టెయ్ ఫోను!" అని కసురుకుంది. నేను లేచి నిలబడి ఆఫీసంతా వినబడేలా అరిచాను. "ఖాళీ లెవ్వట!"